ఆలివర్ హెవిసైడ్: ఇంపిడెన్స్‌కు పేరు పెట్టిన తంతి ఉద్యోగి

మన సంఘ సభ్యుల్లో పాటలంటే ప్రాణం పెట్టేవారు తక్కువేమీ కాదు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ పిల్లల చదువులు, పెళ్లిళ్లు, ఇంటి కిస్తులతోనే సరిపోయింది. పదవీ విరమణ తరువాత గ్రాట్యుటీ సొమ్ములోంచి కొంత పక్కకు తీసి మంచి యాంప్లిఫయరు, స్పీకర్లు కొనుక్కున్నవారు భీమ్‌గల్‌లో ఉన్నారు, ఆర్మూరులో, నిజామాబాదులోనూ ఉన్నారు. గల్ఫ్ నుంచి కొడుకో అల్లుడో తెచ్చిన సీడీ ప్లేయరుకు తోడుగా ఒక్కొక్క పెట్టే జత చేసుకుంటూ వచ్చినవారు మరికొందరు. అటువంటివారు కలుసుకున్నప్పుడు ఈ మధ్య తరచుగా వినబడే మాట పాసివ్ ప్రీయాంప్లిఫయర్.

ఆ పెట్టె సంగతి రెండు ముక్కల్లో చెప్పవచ్చును. దానికి కరెంటు అక్కరలేదు. లోపల ట్రాన్సిస్టర్లు లేవు, వాల్వులు లేవు. ఏ పరికరం వినాలో ఎంచుకునే స్విచ్చి ఒకటి, వాల్యూమ్ కంట్రోలు ఒకటి, అంతే. సీడీ ప్లేయరు సుమారు 2 వోల్టుల వరకు ఇస్తుంది. చాలా పవర్ యాంప్లిఫయర్లు ఒకటి, ఒకటిన్నర వోల్టుకే తమ పూర్తి శక్తిని చూపిస్తాయి. మరి మధ్యలో ప్రీయాంప్లిఫయరు పెట్టి పెంచేదేమిటి? పెంచి, మళ్లీ వాల్యూముతో తగ్గించుకోవడం ఎందుకు? తగ్గించే పని ఒక్కటే ఉంచుకుంటే ఖర్చు కలిసివస్తుంది, కరెంటు గుంయ్‌మనే శబ్దం ఉండదు, స్వరానికి కల్తీ ఉండదు. వాదన బాగానే ఉంది. అయితే ఒక మిత్రుడు ఆ పెట్టె తగిలించి గాయని పక్కన కూర్చుని పాడినట్టుందని మురిసిపోతాడు. మరొక మిత్రుడు సరిగ్గా అదే పెట్టె తన ఇంట్లో తగిలించి, పాట మీద దుప్పటి కప్పినట్టుందని తీసి పక్కన పడేస్తాడు. ఇద్దరి చెవులూ మంచివే, ఇద్దరూ చెప్పేది నిజమే. తేడా ఎక్కడున్నదో చెప్పే మాట ఇంపిడెన్స్. మన ఇంటర్మీడియెట్ పుస్తకాల్లో అవరోధం అని రాస్తారు. ఆ మాటను 1886లో లోకానికిచ్చినవాడు చెవులు సరిగా వినపడని ఒక మాజీ టెలిగ్రాఫ్ ఆపరేటరు. 24వ ఏట ఉద్యోగానికి రాజీనామా ఇచ్చి, ఆ తరువాత ఏ ఉద్యోగమూ చేయక, చివరికి ఒక పెన్షను పుచ్చుకోవాలా వద్దా అని మధనపడినవాడు. పెన్షనర్ల దినోత్సవ సంచికలో చెప్పుకోదగిన జీవితం కనుక రాస్తున్నాను.

ఆలివర్ హెవిసైడ్ 1850 మే 18న లండనులోని కామ్డెన్ టౌన్‌లో పుట్టాడు. తండ్రి థామస్ చెక్కమీద బొమ్మలు చెక్కి అచ్చుకిచ్చే పనివాడు. ఫోటోల కాలం వస్తున్నకొద్దీ ఆ పని పలచబడింది. తల్లి రేచల్ ఇంట్లోనే చిన్న బడి నడిపింది. నలుగురు కొడుకుల్లో ఇతడు కడపటివాడు. చిన్నతనంలో స్కార్లెట్ జ్వరం వచ్చి వినికిడి దెబ్బతిన్నది. వీధిలో పిల్లలతో కలిసి ఆడుకునే వయసులో మాట వినపడక ఒంటరివాడైపోయాడు. పెద్దయ్యాక ఆయనలో కనిపించిన ముక్కోపానికీ, మనుషులకు ముఖం చాటేసే అలవాటుకూ మూలం అక్కడే ఉన్నదని నేననుకుంటాను.

పేదరికంలో ఒక్క అదృష్టం మాత్రం ఉండింది. తల్లి తోబుట్టువు భర్త చార్లెస్ వీట్‌స్టన్. మన పిల్లలు బడిలో చేసే వీట్‌స్టన్ బ్రిడ్జి ప్రయోగం ఆయన పేరు మీదిదే. ఇంగ్లండులో టెలిగ్రాఫును వాడుకలోకి తెచ్చినవారిలో ఒకరు. కన్సర్టీనా అనే చేతి వాయిద్యాన్ని తయారుచేసినవాడు కూడా ఆయనే. 1865లో జరిగిన ఒక పెద్ద పరీక్షలో ఆలివర్ 500 మందికి పైగా రాసినవారిలో 5వ వాడుగా వచ్చాడు. కాని 16 ఏళ్లకే బడి ముగిసింది. కాలేజీ గడప తొక్కలేదు. పెదనాన్నో చిన్నాన్నో పెద్ద ఉద్యోగంలో ఉంటే పిల్లవాణ్ణి ఆ శాఖలోనే పెట్టించడం మన దగ్గరా చూసిందే. వీట్‌స్టన్ చలవతో అన్నదమ్ములిద్దరు, ఆర్థర్, ఆలివర్, తంతి పనిలోకి వచ్చారు. 1868లో ఇంగ్లండు నుంచి డెన్మార్కుకు సముద్రం అడుగున తీగ వేశారు. ఆలివర్ ఆ కంపెనీలో చేరి కొంతకాలం డెన్మార్కులోనూ, తరువాత న్యూకాసిల్‌లోనూ పనిచేశాడు.

సముద్రపు తీగ అంటే ఏమిటో ఇక్కడ కొంచెం నిలబడి చూడాలి. ఎందుకంటే మన పాసివ్ పెట్టె కష్టమంతా అక్కడే ఉంది. నడుమ రాగితీగ. దాని చుట్టూ గట్టాపెర్చా అనే జిగురు తొడుగు. ఆ బయట ఉప్పునీరు. నీరు కూడా విద్యుత్తును మోస్తుంది కాబట్టి, తీగ పొడవునా అది ఒక పెద్ద కెపాసిటరు అయి కూర్చుంటుంది. ఈ కొస నుంచి టిక్కుమని పంపిన సంకేతం ముందు ఆ కెపాసిటరును నింపాలి, ఆపైన ఆ కొసకు చేరాలి. రాగితీగ నిరోధం గుండా నింపాలి కాబట్టి ఆలస్యం. చుక్కలు, గీతలు ఒకదానిలో ఒకటి కలిసిపోయి, అవతలి ఆపరేటరుకు అలికినట్టు కనబడేవి. తీగ నిరోధాన్ని, దాని కెపాసిటీని గుణిస్తే వచ్చేది ఎంత పెద్దదైతే సంకేతం అంత మొద్దుబారుతుందని విలియం థామ్సన్ 1855లోనే లెక్కకట్టి చూపించాడు. ఈయనే తరువాత లార్డ్ కెల్విన్.

డెన్మార్కు తీగ మీద ఒక వింత ఉండేది. ఒక దిక్కుకు సంకేతాలు వేగంగా పంపగలిగేవారు, రెండో దిక్కుకు అంత వేగం కుదిరేది కాదు. తీగ ఒక్కటే. మరి తేడా ఎందుకు? తోటి గుమాస్తాలు అది యంత్రాల లోపమనుకుని ఊరుకుని ఉంటారు. హెవిసైడ్ మాత్రం దాన్ని బుర్రలో పెట్టుకుని, ఉద్యోగం వదిలిన తరువాత 1877లో లెక్క తేల్చాడు. తీగ ఒక్కదాన్నే చూస్తే చాలదు. ఈ కొసన ఎంత నిరోధం తగిలించి ఉంది, ఆ కొసన ఎంత ఉంది అన్నది చూడాలి. రెండు కొసలు సమానం కానప్పుడు వేగమూ సమానం కాదు.

ఇప్పుడు మన గదిలోకి వద్దాం. వాల్యూమ్ కంట్రోలు అంటే నిరోధమే. 100 కిలో ఓముల కంట్రోలును వోల్టేజి సగమయ్యే చోట నిలిపితే, పవర్ యాంప్లిఫయరు వైపు నుంచి చూసినప్పుడు అది దాదాపు నాలుగో వంతు, అంటే 25 కిలో ఓముల నిరోధంలా కనబడుతుంది. అదే దాని పైమెట్టు. వాల్యూము ఇంకా తగ్గిస్తే అదీ తగ్గుతుంది. అక్కడి నుంచి పవర్ యాంప్లిఫయరు దాకా వెళ్లే తీగకు మీటరుకు సుమారు 100 పికోఫారడ్ల కెపాసిటీ ఉంటుందనుకుందాం. మూడు మీటర్లకు 300. మెకానిక్కులు గుర్తుపెట్టుకోదగిన లెక్క ఒకటుంది. 1,59,000ను కిలో ఓములతోనూ పికోఫారడ్లతోనూ భాగిస్తే ఎన్ని కిలోహెర్ట్జుల దగ్గర శక్తి సగానికి పడిపోతుందో వస్తుంది. 25, 300లతో భాగిస్తే 21. మనిషి చెవి అందుకునే గరిష్ఠం 20 కాబట్టి ఇది అంచు మీద నడిచే లెక్క. కోత అంతకు ముందు నుంచే మొదలవుతుంది. యాంప్లిఫయరును స్పీకర్ల పక్కన పెట్టి తీగను ఆరు మీటర్లకు పొడిగిస్తే అది 10 కిలోహెర్ట్జులకు దిగుతుంది. తాళాల మెరుపు, వీణ మీటులోని గోరు చప్పుడు పోతాయి. మన వయసువారికి అవి ఎటూ అంతంత మాత్రమేనని పిల్లలు హాస్యమాడవచ్చు గాక, పోయింది పోయినట్టే. అదే 10 కిలో ఓముల కంట్రోలు పెట్టి మూడు మీటర్ల తీగ వాడితే లెక్క 212 వస్తుంది. ఏ బాధా లేదు. దుప్పటి కప్పినట్టుందన్న మిత్రుడి ఇంట్లో చూడవలసింది మొదట తీగ పొడవు, తరువాత కంట్రోలు ఓములు.

అయితే కంట్రోలును ఇష్టమొచ్చినంత చిన్నదిగా పెట్టుకుందామంటే కుదరదు. ఈ కొసన సీడీ ప్లేయరు ఉంది. దాని సొంత ఇంపిడెన్స్ కొన్ని వందల ఓములైతే 10 కిలో ఓముల కంట్రోలును సులువుగా మోస్తుంది. కొన్ని వాల్వు పరికరాల్లో అది వేల ఓముల్లో ఉంటుంది. అప్పుడు బరువు ఎక్కువై స్వరం కుంగుతుంది. ఆ కొసన పవర్ యాంప్లిఫయరు ఇంపిడెన్సు 47 కిలో ఓములో, 100 కిలో ఓములో ఉండాలి. అది కూడా పదికి దిగితే కంట్రోలు తిప్పుడు తీరే మారిపోతుంది. తనకంటే తరువాతిది కనీసం పదింతలు ఉండాలన్నది పనివాళ్ల లెక్క. రెండు కొసలూ చూడాలన్న డెన్మార్కు తీగ పాఠమే ఇది. మన లింబాద్రి గుట్ట జాతరలో మైకు సెట్లు పెట్టేవారికి ఈ సంగతి పుస్తకం లేకుండానే తెలుసు. హై ఇంపిడెన్స్ మైకుకు పొడవాటి వైరు వేస్తే స, ష పలకవని లో ఇంపిడెన్స్ మైకు అడుగుతారు.

హెవిసైడ్ 1874లో రాజీనామా చేశాడు. వయసు 24. వినికిడి ఇంకా తగ్గడం ఒక కారణం, చదువుకోవాలన్న తపన మరో కారణం. మాక్స్‌వెల్ అప్పుడే, 1873లో, విద్యుత్తు మీద తన మహాగ్రంథాన్ని అచ్చువేశాడు. దాన్ని అర్థం చేసుకోవడానికి కావలసిన గణితం ఈయనకు రాదు. తల్లిదండ్రుల ఇంట్లో ఒక గదిలో కూర్చుని తనకు తానే నేర్చుకున్నాడు. సంపాదన లేని ఎదిగిన కొడుకు గదిలో తలుపు వేసుకుని కాగితాలు నింపుతుంటే ఆ తల్లిదండ్రులు ఏమనుకున్నారో గాని, గెంటివేయలేదు. అన్నం పళ్లెం గుమ్మం దగ్గర పెట్టి వెళ్లేవారట.

ఆ గదిలోంచి వచ్చినవి ఇవి. మాక్స్‌వెల్ 20 సమీకరణాలుగా రాసిన సిద్ధాంతాన్ని 1884, 1885 ప్రాంతంలో నాలుగుకు కుదించాడు. నేడు కాలేజీల్లో మాక్స్‌వెల్ సమీకరణాలుగా చెప్పేవి హెవిసైడ్ రూపంలోనివే. 1880లో ఒక తీగ చుట్టూ మరొక వాహకాన్ని గొట్టంలా తొడిగే పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. టీవీ కేబులు, మన ప్లేయరు నుంచి యాంప్లిఫయరుకు వేసే షీల్డు వైరు ఆ కుదురులోనివే. కండక్టెన్స్, ఇండక్టెన్స్, ఇంపిడెన్స్, అడ్మిటెన్స్ అనే మాటలన్నీ 1885 నుంచి 1887 లోపల ఆయన కలం నుంచి వచ్చాయి. కెపాసిటీకి పర్మిటెన్స్ అని పెట్టాడు. అది మాత్రం ఎవరికీ పట్టలేదు.

ఎలక్ట్రీషియన్ అనే వారపత్రిక ఆయన వ్యాసాలను ఓపికగా వేస్తూ ఏడాదికి 40 పౌండ్లు ఇచ్చేది. బ్రతుకు దాని మీదే. గొడవ వచ్చింది 1887లో. అన్న ఆర్థర్ తపాలా శాఖ టెలిగ్రాఫు ఇంజనీరు. అన్నదమ్ములిద్దరూ కలిసి టెలిఫోను తీగల మీద ఒక వ్యాసం రాశారు. తీగకు ఇండక్టెన్స్ ఉండటం దోషం కాదనీ, తగిన పాళ్లలో చేరిస్తే మాట రూపు చెడకుండా దూరం పోతుందనీ ఆలివర్ లెక్క. నిరోధం, కెపాసిటీ, ఇండక్టెన్స్, కారుడు, ఈ నాలుగూ ఒక నిష్పత్తిలో కుదిరితే హెచ్చు స్వరం, తగ్గు స్వరం అన్నీ ఒకే వేగంతో నడుస్తాయి, కొస దగ్గర పలచబడినా కలగాపులగం కావు. తపాలా శాఖలో పై అధికారి విలియం ప్రీస్‌కు ఇది గిట్టలేదు. ఇండక్టెన్స్ అంటే చెరుపు అని ఆయన సభల్లో చెప్పి ఉన్నాడు. ఆర్థర్ ఆయన కింది ఉద్యోగి. అచ్చుకు అనుమతి లేదన్నాడు. ఫైలు మీద పై అధికారి సంతకం పడక మూలపడిన మంచి ప్రతిపాదనలు మనమూ చూశాం కాబట్టి ఎక్కువ వివరించనక్కరలేదు. అదే ఏడాది ఎలక్ట్రీషియన్ సంపాదకుడు మారాడు. వ్యాసాల వరుస ఆగింది. మరి కొన్ని పత్రికలూ తలుపు మూశాయి.

1889 జనవరిలో సర్ విలియం థామ్సన్ విద్యుత్ ఇంజనీర్ల సంస్థ అధ్యక్షోపన్యాసంలో హెవిసైడ్ పేరెత్తి మెచ్చుకున్నాడు. అంతటివాడు అన్న తరువాత లోకం చెవి ఒగ్గింది. 1891లో రాయల్ సొసైటీ సభ్యత్వం వచ్చింది. గౌరవం వచ్చింది గాని డబ్బు రాలేదు. తీగకు అక్కడక్కడ ఇండక్టెన్స్ చుట్టలు తగిలించాలన్న సలహా మీద ఆయన పేటెంటు తీసుకోలేదు. అమెరికాలో ప్రొఫెసర్ పుపిన్ 1900లో తీసుకున్నాడు. టెలిఫోను కంపెనీ పుపిన్‌కు లక్షల డాలర్లు చెల్లించింది. హెవిసైడ్‌కు కొద్దిపాటి సొమ్ము ఇవ్వజూపితే, ఘనత పూర్తిగా తనదేనని ఒప్పుకుంటే తప్ప పైసా ముట్టనని తిప్పికొట్టాడు. న్యాయం ఆయన వైపే. అయినా ఆయన రాతలోని కాఠిన్యం, వెక్కిరింపు కూడా ఆయనకు కొంత చేటు చేశాయని చెప్పక తప్పదు. సాటి పండితులకే కొరుకుడుపడని చోట కంపెనీ ఇంజనీర్లకు ఎక్కడ పడుతుంది?

ఈ సందర్భంలో ఒక మాట. పుపిన్ చుట్టలైనా, హెవిసైడ్ నిష్పత్తి అయినా మైళ్లకొద్దీ పొడవున్న టెలిఫోను తీగల కోసం. రెండు మీటర్ల ఆడియో వైరు అమ్మేవారు ఈ పేర్లు చెప్పి వేల రూపాయలు అడిగితే నమ్మనక్కరలేదు. గదిలో లెక్కకు వచ్చేవి ఓములు, పికోఫారడ్లు మాత్రమే. డబ్బు పెట్టదలచినవారు వాల్యూమ్ కంట్రోలుకు బదులు ట్రాన్స్‌ఫార్మరు ఉన్న పాసివ్ పెట్టె చూడవచ్చును. అది వోల్టేజిని సగం చేస్తే, ముందున్న పరికరం ఇంపిడెన్స్ నాలుగో వంతుగా కనబడుతుంది. తీగ పొడవు భయం చాలావరకు పోతుంది. ఖరీదు మాత్రం ఎక్కువ. గ్రామఫోను రికార్డుల వారికి ఏ పాసివ్ పెట్టె అయినా ఒక్కటీ చాలదు. పిన్ను దగ్గర పుట్టేది కొన్ని మిల్లీవోల్టులే. దాన్ని పెంచే ఫోనో యాంప్లిఫయరు ముందుండాలి.

1889లో హెవిసైడ్ కుటుంబం డెవాన్ తీరంలోని పెయిన్టన్‌కు మారింది. అన్న చార్లెస్ అక్కడ వాద్యాల దుకాణం నడిపేవాడు. దాని పైన కాపురం. కింద పియానోలు అమ్ముతుంటే పైన సగం చెవిటి తమ్ముడు తరంగాల లెక్కలు కట్టాడు. 1893లో ఎలక్ట్రోమాగ్నెటిక్ థియరీ మొదటి సంపుటం వచ్చింది. మరి రెండు 1899లో, 1912లో వచ్చాయి. 1894లో రాయల్ సొసైటీ కష్టాల్లో ఉన్న శాస్త్రజ్ఞుల సహాయనిధి నుంచి సొమ్ము ఇస్తామంది. అది దానమని హెవిసైడ్ కాదన్నాడు. ఇంట్లో బొగ్గు కొనడానికి కూడా వెనకాముందు ఆడే రోజులవి. ఆ ఏడే తల్లి పోయింది. 1896లో తండ్రి పోయాడు. ఫిట్జెరాల్డ్, పెర్రీ, లాడ్జ్ అనే మిత్రులు పూనుకుని, ఏడాదికి 120 పౌండ్ల సివిల్ లిస్ట్ పెన్షను మంజూరు చేయించారు. దాన్ని కూడా ఎక్కడ తోసిపుచ్చుతాడోనని భయపడి, ఇది సాయం కాదు, చేసిన పనికి దేశం చేసే గుర్తింపు అని బుజ్జగించి ఒప్పించారు. 1982 డిసెంబరు 17న నకారా కేసులో మన సుప్రీంకోర్టు పెన్షను దయాధర్మం కాదని తేల్చింది. ఆ తీర్పుకు 86 ఏళ్ల ముందు ఒక పెంకి మనిషి ఆ తేడా కోసం పస్తులకైనా సిద్ధపడ్డాడు. 1914లో ఆ పెన్షనును 220 పౌండ్లకు పెంచారు.

1902లో ఎన్సైక్లోపీడియా బ్రిటానికాకు రాసిన వ్యాసంలో ఆయన మరొక సంగతి సూచించాడు. పై గాలిలో విద్యుత్తును మోసే పొర ఒకటి ఉండి రేడియో తరంగాలను భూమి వంపు వెంట నడిపిస్తూ ఉండవచ్చునని. అమెరికాలో కెన్నెలీ అదే ఏడాది అదే చెప్పాడు. కలకత్తాలో శిశిర్ కుమార్ మిత్రా తరువాతి కాలంలో ఈ పొరల మీదే పరిశోధన చేశాడు. మనం షార్ట్‌వేవ్ ముల్లు తిప్పుకుంటూ రేడియో సిలోన్‌లో తెలుగు పాటలు విన్నామంటే, ఆ తరంగాలు సముద్రం దాటి మన పెరట్లోకి దిగింది ఇలా పైపొరల నుంచి తిరిగివచ్చే.

చివరి ఏళ్లు టార్కీ పట్టణంలో గడిచాయి. ఒంటరితనం, కామెర్లు, గ్యాసు కంపెనీతో బిల్లుల తగాదాలు. ఉత్తరాల కింద తన పేరు తరువాత పురుగు అని అర్థం వచ్చే అక్షరాలను బిరుదులా తగిలించుకునేవాడు. 1922లో విద్యుత్ ఇంజనీర్ల సంస్థ తన మొట్టమొదటి ఫారడే పతకాన్ని ఆయనకు ప్రకటించింది. ఆయన లండను రాడని తెలిసి, సంస్థ అధ్యక్షుడే స్వయంగా ఇంటికి వెళ్లి ఇచ్చి వచ్చాడు. 1924 డిసెంబరులో ఆపిల్టన్, బార్నెట్ అనే ఇద్దరు బోర్న్‌మత్ రేడియో స్టేషను సంకేతాలతో ఆకాశంలోని ఆ పొర ఉన్నదని రుజువు చేశారు. ఎత్తు సుమారు 90 కిలోమీటర్లు. ఆ తరువాత రెండు నెలలైనా కాకముందే, నిచ్చెన మీద నుంచి పడి మంచాన ఉన్న హెవిసైడ్ 1925 ఫిబ్రవరి 3న నర్సింగ్ హోములో కన్నుమూశాడు. పెయిన్టన్‌లో తల్లిదండ్రులను పూడ్చిన చోటనే ఆయననూ పూడ్చారు.